ఊగిసలాటకు వెల కట్టే వృత్తి

ఆప్షన్స్ ట్రేడింగ్‌నే నమ్ముకుని బతకవచ్చా? డిగ్రీ చదివే కుర్రవాళ్లు అడుగుతున్నారు, ఉద్యోగంలో ఎదుగూబొదుగూ లేక విసిగినవాళ్లు అడుగుతున్నారు, రిటైరైనప్పుడు చేతికొచ్చిన డబ్బును ఏం చేయాలో తోచనివాళ్లూ అడుగుతున్నారు. బతకవచ్చు అన్నదే నిజాయితీ గల జవాబు. ముంబయి, గురుగ్రామ్, షికాగో, ఆమ్‌స్టర్‌డామ్ నగరాల్లో ఈ పనినే వృత్తిగా చేసుకుని చాలామంది దర్జాగా బతుకుతున్నారు. అయితే వాళ్లు రోజూ చేసే పనికీ, మన ఊళ్లలో ఎక్స్‌పైరీ (ఆప్షన్ గడువు తీరే) రోజున సెల్‌ఫోన్ యాప్‌లో జరిగే పనికీ పోలిక చాలా తక్కువ. మార్కెట్ పెరుగుతుందా, పడుతుందా అని చెప్పడం వాళ్ల వృత్తి కాదు. మార్కెట్ ఎంత ఊగుతుందో అంచనా కట్టి, ఆ ఊగిసలాటకు తగిన వెల నిర్ణయించి, తమ అంచనా తప్పినా మునిగిపోకుండా చూసుకోవడం వాళ్ల వృత్తి. అది ఏళ్ల తరబడి నేర్చుకోవలసిన విద్య. ఆ విద్యను జీతం తీసుకుంటూ, సంస్థ పెట్టుబడితో, పైవాళ్ల కనుసన్నల్లో నేర్చుకోవచ్చు. ఇంట్లో డబ్బు పణంగా పెట్టి ఒంటరిగానూ నేర్చుకోవచ్చు. మొదటిది వృత్తి మార్గం. రెండోదాన్ని ఇన్నేళ్ల లెక్కల సాక్షిగా వృత్తి అనలేం.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో ఒక అధ్యయనం విడుదల చేసింది. 2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఈక్విటీ ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో వ్యాపారం చేసిన కోటిమందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని అందులో తేలింది. ఖర్చులతో కలిపి ఒక్కొక్కరి సగటు నష్టం సుమారు 2 లక్షల రూపాయలు, అందరి నష్టం కలిపితే 1.8 లక్షల కోట్ల పైమాటే. అన్ని ఖర్చులూ పోను లక్ష రూపాయలకు మించి మిగుల్చుకున్నవాళ్లు నూటికి ఒక్కరు. ఆ తర్వాత సెబీ నిబంధనలు బిగించింది. కాంట్రాక్టు కనీస విలువను 15 లక్షలకు పెంచింది, వారపు ఎక్స్‌పైరీలను ఎక్స్ఛేంజికి ఒక్క సూచీకే పరిమితం చేసింది. ఇంత చేసినా 2024-25లో 91 శాతం మంది నష్టపోయారు. వ్యక్తుల నికర నష్టం అంతకుముందు ఏడాది 74,812 కోట్లు ఉంటే, అది 1,05,603 కోట్లకు చేరింది. పోగొట్టుకున్నవాళ్లు ఎవరన్నది ఇంకా బాధ కలిగిస్తుంది. 2023-24లో ఈ వ్యాపారంలో ఉన్న వ్యక్తుల్లో 43 శాతం మంది 30 ఏళ్ల లోపువాళ్లు. నాలుగింట మూడు వంతుల మందికి పైగా తమ వార్షికాదాయం 5 లక్షల లోపేనని చెప్పుకున్నవాళ్లు. 72 శాతం మంది మొదటి 30 పెద్ద నగరాలకు అవతల ఉన్నవాళ్లు. మన ఒంగోలు, ఖమ్మం లాంటి ఊళ్లు ఆ లెక్కలోకే వస్తాయి.

పోయిన డబ్బు ఎక్కడికి వెళ్లిందో కూడా ఆ అధ్యయనమే చెప్పింది. ఆప్షన్స్‌లో ఒకరి లాభం ఇంకొకరి నష్టమే, అక్కడ కొత్తగా సంపద పుట్టదు. 2023-24లో ఖర్చులు లెక్కలోకి తీసుకోకముందు సొంత పెట్టుబడితో వ్యాపారం చేసే సంస్థలు సుమారు 33,000 కోట్లు, విదేశీ పోర్ట్‌ఫోలియో ఇన్వెస్టర్లు సుమారు 28,000 కోట్లు గడించారు. ఆ సంస్థల లాభంలో 96 శాతం, విదేశీ ఇన్వెస్టర్ల లాభంలో 97 శాతం ఆల్గోల ద్వారా, అంటే కంప్యూటర్ ప్రోగ్రాములు నడిపిన వ్యాపారం ద్వారా వచ్చింది. దీనికి తోడు బ్రోకరేజీ, ఎక్స్ఛేంజి రుసుములు, పన్నులు ఉన్నాయి. ఆ ఒక్క ఏడాదే వ్యక్తులు సగటున తలకు 26,000 రూపాయలు ఖర్చుల కింద కట్టారు. గెలిచినా ఓడినా ఈ ఖర్చు తప్పదు. కాబట్టి ఈ వ్యాపారంలో సగటు మనిషి ఫలితం సున్నా దగ్గర కూడా ఆగదు, దానికి కిందనే ఉంటుంది. సగటును దాటాలంటే ఎదుటివాడి కన్నా ఏదో ఒకటి మెరుగ్గా చేయగలగాలి. ఆ ‘ఏదో’ ఏమిటో తెలియాలంటే ఆప్షన్ ధరలో ఏముంటుందో కాస్త లోతుగా చూడాలి.

ప్రీమియంలో ఏముంది?

ఆప్షన్‌ను అర్థం చేసుకోవడానికి బీమా పాలసీ ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. నిఫ్టీ పుట్ ఆప్షన్ కొన్నవాడు సూచీ ఫలానా స్థాయి కన్నా కిందికి పడితే ఆ నష్టం తనకు చెల్లించేలా హక్కు కొన్నాడు. అమ్మినవాడు ప్రీమియం పుచ్చుకుని ఆ బాధ్యత నెత్తిన వేసుకున్నాడు. కాల్ ఆప్షన్ అయితే ఇదే ఏర్పాటు పెరుగుదల వైపు ఉంటుంది. బీమా కంపెనీ నడిచేది ఫలానా ఇంటికి నిప్పంటుకుంటుందో లేదో ముందే తెలిసి కాదు, వేల ఇళ్లలో ఎన్నింటికి అంటుకోవచ్చో లెక్కగట్టి దాన్నిబట్టి ప్రీమియం పెట్టడం వల్ల. ఆప్షన్‌కు వెల కట్టడంలోనూ కీలకం ఇదే. సూచీ ప్రస్తుత స్థాయి, స్ట్రైక్ ధర (ఒప్పందంలోని ఆ ఫలానా స్థాయి), మిగిలిన రోజులు, వడ్డీ రేటు అందరికీ కనిపించేవే. కనిపించనిది ఒక్కటే, ఇకముందు సూచీ ఎంత ఊగుతుందన్నది. దానినే వోలటిలిటీ అంటారు. 1973లో ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్ ప్రచురించిన సూత్రం, రాబర్ట్ మెర్టన్ దానికి చేసిన విస్తరణ ఈ విషయాన్ని గణితంగా స్థిరపరిచాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో షికాగో బోర్డ్ ఆప్షన్స్ ఎక్స్ఛేంజి తెరుచుకుంది. మన దగ్గర నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి 2001 జూన్‌లో నిఫ్టీ ఆప్షన్లతో మొదలుపెట్టింది.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. నిఫ్టీ 24,000 దగ్గర ఉంది, రాబోయే ఊగిసలాటపై మార్కెట్ అంచనా ఏడాదికి 13 శాతం. ఏడాదిలో మార్కెట్ నడిచే రోజులు దాదాపు 252. దాని వర్గమూలం దాదాపు 16. కనుక 13ను 16తో భాగిస్తే రోజుకు 0.8 శాతం, అంటే సుమారు 200 పాయింట్ల కదలికను మామూలుగా మార్కెట్ ఎదురుచూస్తోందన్నమాట. ఇదే అంచనాతో అయిదు ట్రేడింగ్ రోజుల గడువున్న 24,000 స్ట్రైక్ కాల్, పుట్ రెండూ కలిపి దాదాపు 350 పాయింట్లు పలుకుతాయి. ఈ జోడీని స్ట్రాడిల్ అంటారు. 65 యూనిట్ల లాట్ అనుకుంటే దాని ఖరీదు 22,750 రూపాయలు. కొన్నవాడు బయటపడాలంటే గడువు తీరేసరికి నిఫ్టీ ఏదో ఒక వైపు 350 పాయింట్లకు మించి వెళ్లాలి. అంతకు తక్కువ కదిలితే అమ్మినవాడిది లాభం. ఇక్కడ ‘ఎటు’ అన్న ప్రశ్నే లేదని గమనించాలి. ఉన్నదల్లా ‘ఎంత’ అన్నదే.

వృత్తిగా ఈ పని చేసేవాడు జోడీ అమ్మేసి చేతులు ముడుచుకుని కూర్చోడు. నిఫ్టీ 24,200కు వెళ్లిందనుకోండి, అమ్మిన కాల్ నష్టంలోకి జారుతుంది. దాన్ని సరిచేయడానికి సూచీతో పాటే కదిలే ఫ్యూచర్స్ కాంట్రాక్టులను లెక్క ప్రకారం కొన్ని కొంటాడు. దీన్నే డెల్టా హెడ్జింగ్ అంటారు. సూచీ మళ్లీ 24,000కు దిగితే ఆ ఫ్యూచర్స్‌ను అమ్మేస్తాడు. పైన కొని కింద అమ్మాడు కాబట్టి అక్కడ నష్టం. మార్కెట్ ఊగినప్పుడల్లా ఇలాంటి చిన్న చిన్న నష్టాలు పోగవుతుంటాయి. మరోవైపు రోజులు గడిచేకొద్దీ ప్రీమియం కరిగి అతని జేబులోకి వస్తుంటుంది. వారం చివర పోగైన నష్టాల మొత్తం పుచ్చుకున్న ప్రీమియం కన్నా తక్కువైతే లాభం. అంటే అమ్మినప్పుడు ధరలో 13 శాతం ఊగిసలాట ఉండి, నిజంగా జరిగింది 10 శాతమే అయితే ఆ తేడా అతని సంపాదన. జరిగింది 16 శాతమైతే అది అతని నష్టం. వోలటిలిటీ ట్రేడింగ్ సారాంశమంతా ఈ రెండు అంకెల మధ్య తేడాలోనే ఉంది.

ఈ సంగతి తెలియకుండా కాల్ కొన్నవాడికి దిశ సరిగ్గా చెప్పినా డబ్బు పోవచ్చు. బడ్జెట్, ఎన్నికల ఫలితాల వంటి సందర్భాల ముందు అనిశ్చితి వల్ల ప్రీమియంలు ఉబ్బుతాయి. సంగతి తేలిపోగానే ఆ ఉబ్బు దిగిపోతుంది. అనుకున్న వైపే సూచీ కదిలినా, ఆ కదలిక ఇచ్చిన లాభాన్ని ఊగిసలాట అంచనా తగ్గడం మింగేస్తుంది. అనుభవం ఉన్నవాడు ఆప్షన్ కొనేముందు ఇందులో ఎంత కదలికకు డబ్బు కడుతున్నానని చూసుకుంటాడు. తక్కినవాళ్లు అడిగేది టార్గెట్ ఎంత, స్టాప్‌లాస్ ఎంత అని. ఎక్స్‌పైరీ రోజు మధ్యాహ్నం రెండు మూడు రూపాయల ఆప్షన్లు కొనే ‘జీరో టు హీరో’ వ్యాపారం ఈ అజ్ఞానానికి పరాకాష్ఠ. రెండు రూపాయలే కదా అనిపించే ఆ ఆప్షన్ అసలు వెల అర్ధరూపాయి అయితే, అది చౌక సరుకు కాదు, నాలుగింతలు ఖరీదైన సరుకు.

అయితే అమ్మితే సరిపోతుందిగా?

ఇక్కడ చాలామందికి ఒక ఆలోచన వస్తుంది. కొన్నవాళ్లు ఎక్కువసార్లు ఓడిపోతుంటే, అమ్మేవాళ్ల పక్షం చేరితే సరి కదా, నెలనెలా జీతంలా ప్రీమియం తినవచ్చు కదా అని. ఈ వాదనను తేలిగ్గా తీసిపారేయకూడదు, ఇందులో నిజం ఉంది. ఆప్షన్ల ధరలో ఉండే ఊగిసలాట, తర్వాత నిజంగా జరిగే ఊగిసలాట కన్నా సగటున కొంచెం ఎక్కువ ఉంటుందని అనేక మార్కెట్ల చరిత్ర చెబుతోంది. రిస్కు మోసినందుకు దక్కే కూలి అది. కానీ ఆ కూలి ఏ రోజుకారోజు సమానంగా అందదు. చాలా నెలలు కొద్దికొద్దిగా వచ్చి, ఒక్కరోజులో ఏళ్ల సంపాదన తుడిచిపెట్టుకుపోవచ్చు. 2024 జూన్ 3న ఎగ్జిట్ పోల్స్ ఉత్సాహంతో నిఫ్టీ 23,263 దగ్గర ముగిసింది. ఊగిసలాటపై మార్కెట్ అంచనాను చూపే కొలమానం ఇండియా విక్స్ ఆనాడు 20 పైన ఉంది, అంటే రోజుకు సుమారు 1.3 శాతం కదలికను సూచిస్తోంది. మర్నాడు ఓట్ల లెక్కింపు జరుగుతుండగా సూచీ 5.9 శాతం పడి 21,884 దగ్గర ముగిసింది. ఫలితాల తేదీ అందరికీ తెలిసినదే, అయినా ముందురోజు పుట్ అమ్మి ఇంటికి వెళ్లినవాడికి మర్నాడు తప్పించుకునే వ్యవధి దొరకలేదు. 2020 మార్చి 23న అయితే నిఫ్టీ ఒక్కరోజులో దాదాపు 13 శాతం కూలింది, మర్నాడు ఇండియా విక్స్ 80 దాటింది.

ఈ పాఠం నేర్చుకోవడానికి గొప్ప సంస్థలు కూడా భారీ మూల్యమే చెల్లించాయి. 1762లో పుట్టిన లండన్ బ్యాంకు బేరింగ్స్ తరఫున సింగపూర్‌లో వ్యాపారం చేసిన నిక్ లీసన్ జపాన్ నిక్కీ సూచీపై పెద్ద ఎత్తున స్ట్రాడిల్స్ అమ్మాడు. సూచీ కదలకుండా ఉంటే ప్రీమియం మిగులుతుందన్న ధీమా అది. 1995 జనవరి 17న కోబె భూకంపం వచ్చింది, సూచీ పడింది, పూడ్చబోయి అతను ఇంకా లోతుకు దిగాడు. 82.7 కోట్ల పౌండ్ల నష్టంతో బ్యాంకు కుప్పకూలింది, చివరికి దాన్ని ఒక్క పౌండుకు అమ్మేశారు. వ్యాపారం చేసేదీ, ఆ వ్యాపార లెక్కలు రాయించేదీ అతనే కావడం ఆ పతనానికి అసలు కారణం. 2018 ఫిబ్రవరి 5న అమెరికా విక్స్ సుమారు 17 నుంచి 37కు ఎగబాకినప్పుడు, ఊగిసలాట తగ్గుతుందన్న పందెం మీద నడిచే ఒక ప్రసిద్ధ ఎక్స్ఛేంజి ట్రేడెడ్ నోటు విలువలో 90 శాతానికి పైగా రాత్రికి రాత్రే ఆవిరైంది. ఈ రెండు ఘటనల తర్వాత కూడా ఆప్షన్లు అమ్మే సంస్థలు ఉన్నాయి, బాగానే ఉన్నాయి. కారణం ఏమిటంటే వాటిలో అమ్మేవాడు వేరు, అతని పొజిషన్‌ను కొలిచి పరిమితి దాటితే ఆపేసేవాడు వేరు. సూచీ ఒక్కసారిగా 10 శాతం పడితే ఎంత పోతుందని రోజూ లెక్క తీస్తారు, ఆ మొత్తం భరించగలిగితేనే పొజిషన్ ఉంచుతారు. ఇంట్లో ఒంటరిగా కూర్చున్న ట్రేడర్‌కు ఆ రెండో మనిషి లేడు.

అభ్యంతరాలకు జవాబు

“నూటికి ఏడుగురో తొమ్మిదిమందో గెలుస్తున్నారు కదా, ఆ కొద్దిమందిలో నేనెందుకు ఉండకూడదు?” అన్నది అన్నిటికన్నా బలమైన ప్రశ్న. ఉండవచ్చు. కాకపోతే ఉన్నానని తెలుసుకోవడమే కష్టం. ఏ నైపుణ్యమూ లేకుండా బొమ్మా బొరుసా ఆడినా ఆరు నెలల తర్వాత ఖర్చులు పక్కన పెడితే దాదాపు సగంమంది లాభంలో కనిపిస్తారు. ఆ సగంమంది తమది నైపుణ్యమనే నమ్ముతారు, అందులో కొందరు కోర్సులు కూడా అమ్మడం మొదలుపెడతారు. పరిమితమైన సమాచారం నుంచి ఒక విషయాన్ని ఎంత కచ్చితంగా అంచనా వేయగలమో, ఆ కచ్చితత్వానికి హద్దు ఎక్కడుందో 1945లో చూపినవాడు విశాఖపట్నంలో గణితం చదివిన మన కల్యంపూడి రాధాకృష్ణారావు. గణాంకశాస్త్రం నేర్పే ఆ వినయం ఇక్కడ అవసరం. ఏడాదికి సగటున 10 శాతం లాభం, 20 శాతం హెచ్చుతగ్గులు ఉన్న పద్ధతి అదృష్టం కాదని మామూలు గణాంక ప్రమాణంతో తేల్చుకోవాలంటే దాదాపు 16 ఏళ్ల రికార్డు కావాలి. ఆరు నెలల స్క్రీన్‌షాట్లు చూసి ఉద్యోగానికి రాజీనామా చేయడం ఎంత తొందరపాటో దీన్నిబట్టి అర్థమవుతుంది. పెద్ద సంస్థలు రోజుకు వేల లావాదేవీలు చేస్తాయి కాబట్టి తమ పద్ధతి పనిచేస్తోందో లేదో చాలా త్వరగా తెలుసుకోగలవు. ఆ వెసులుబాటు ఒంటరి ట్రేడర్‌కు లేదు.

“ఏ వ్యాపారంలోనైనా ఎక్కువమంది నష్టపోతారు, హోటల్ పెట్టినవాళ్లంతా గెలుస్తున్నారా?” అని మరొకరు అడుగుతారు. గెలవడం లేదు. కానీ హోటల్ ఊరికి ఒక అవసరం తీరుస్తుంది, డబ్బు కట్టే గిరాకీ బయటి నుంచి వస్తుంది, మూతపడినా చేతిలో పనితనం మిగులుతుంది. ఆప్షన్స్‌లో మీకు డబ్బు రావాలంటే అది మీ ఎదుట నిలబడ్డ మరో ట్రేడర్ జేబులోంచే రావాలి. ఎక్కువసార్లు ఆ ఎదుటి మనిషి మీకన్నా వేగమైన యంత్రాలూ మెరుగైన లెక్కలూ ఉన్న సంస్థ. పైగా బతుకుతెరువు లెక్క ఒకటుంది. నెలకు 50,000 రూపాయలతో ఇల్లు గడవాలంటే ఏడాదికి 6 లక్షలు కావాలి. ఏటా 20 శాతం నికరంగా సంపాదించడమంటే అసాధారణ ప్రతిభ. ఆ ప్రతిభ ఉన్నవాడికి కూడా 30 లక్షల పెట్టుబడి ఉండాలి, ఒక్క ఏడాది కూడా నష్టం రాకూడదు. పది లక్షలతో మొదలుపెట్టినవాడు ఇల్లు గడుపుకోవడానికే ఏటా 60 శాతం తీయాలి. అంత తీయాలన్న ఒత్తిడే అతన్ని పెద్ద లాట్లకూ, అప్పుకూ నెడుతుంది. నేర్చుకునే మనసును ఇంటి ఖర్చు తొందరపెట్టకూడదు.

“సంస్థలు మాత్రం న్యాయంగా ఆడుతున్నాయా?” అన్నది మూడో ప్రశ్న. 2025 జులై 3న సెబీ అమెరికా సంస్థ జేన్ స్ట్రీట్‌పై మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి 4,843 కోట్లకు పైగా మొత్తాన్ని జప్తు చేయమంది. బ్యాంక్ నిఫ్టీలోని షేర్లను, ఫ్యూచర్స్‌ను ఉదయం కొని సూచీని ఎత్తిపట్టి, మధ్యాహ్నం వాటిని అమ్ముతూ, అంతకన్నా చాలా పెద్దదైన ఆప్షన్ పొజిషన్ మీద లాభపడిందన్నది సెబీ ఆరోపణ. సంస్థ దీన్ని ఖండించింది, ఆ మొత్తాన్ని ఎస్క్రోలో జమచేసి అప్పిలేట్ ట్రైబ్యునల్‌కు వెళ్లింది. తప్పు చేస్తే ఎంత పెద్ద సంస్థకైనా కఠిన శిక్ష పడవలసిందే, చిన్న మదుపరికి ఆ రక్షణ హక్కుగా దక్కవలసిందే. కానీ ఈ వివాదం ఒంటరి ట్రేడర్ పక్షాన వాదన కాబోదు. ఆట న్యాయంగా లేకపోతే అందులోకి బతుకుతెరువుకు దిగకూడదు. న్యాయంగా ఉన్నా ఎదుటి పక్షం బలం పైన చూసినదే.

మరి దారి ఎటు?

అన్నిటికన్నా నేరుగా ఉండే దారి మార్కెట్ మేకింగ్ సంస్థలు. ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టిన ఆప్టివర్, ఐఎంసీ లాంటివి ముంబయిలో కార్యాలయాలు తెరిచాయి. గురుగ్రామ్‌లో గ్రావిటాన్, టవర్ రీసెర్చ్ వంటివి ఉన్నాయి. వీళ్లు ఒక ఆప్షన్ అసలు వెల 175 అని లెక్కగట్టి, 174.80కి కొంటామని, 175.20కి అమ్ముతామని రెండు వైపులా ధరలు పెడతారు. వందల స్ట్రైకుల్లో రోజంతా ఆ చిల్లర తేడాను పోగుచేస్తూ, మిగిలిన రిస్కును హెడ్జ్ చేస్తారు. ఎంపిక పరీక్షల్లో నోటిలెక్కలు, సంభావ్యత, ప్రోగ్రామింగ్ చూస్తారు. చేరినవాళ్లకు తరగతులు, నమూనా మార్కెట్లలో సాధన ఉంటాయి. 1987లో మొదలైన అమెరికా సంస్థ సస్క్వెహానా అయితే అనిశ్చితిలో నిర్ణయం తీసుకోవడం నేర్పడానికి పోకర్ ఆట కూడా ఆడిస్తుంది. కొత్తవాడు చేసే తప్పులు సంస్థ డబ్బుతో, చిన్న పరిమితుల్లో జరుగుతాయి, పక్కనే సరిదిద్దేవాళ్లు ఉంటారు. ఈ ఉద్యోగాలు కొద్ది, పోటీ తీవ్రం. పేరున్న ఐఐటీల పిల్లలతో నిండిపోతాయన్న మాటలో నిజముంది.

అందుకే చుట్టూ ఉన్న మిగతా దారులను చులకన చేయకూడదు. హైదరాబాద్‌లో 1996 నుంచి డీఈ షా కార్యాలయం ఉంది, గోల్డ్‌మన్ శాక్స్ 2021లో తెరిచింది, మరెన్నో బ్యాంకుల కేంద్రాలు ఉన్నాయి. అక్కడ ఆప్షన్ల ధరల నమూనాలు సరిగ్గా ఉన్నాయో లేదో తనిఖీ చేసేవాళ్లు, రిస్కు నివేదికలు తయారుచేసేవాళ్లు, ట్రేడింగ్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు కావాలి. ఔషధాలు, సాఫ్ట్‌వేర్ ఎగుమతి చేసే కంపెనీల ట్రెజరీ విభాగాల్లో డాలరు హెచ్చుతగ్గుల నుంచి ఆదాయాన్ని కాపాడే పని ఉంటుంది. ఆప్షన్‌ను అది పుట్టిన ప్రయోజనానికే వాడటం అక్కడ కనిపిస్తుంది. బ్రోకరేజీ సంస్థల రిస్కు విభాగాల్లో ఏ ఖాతాలో మార్జిన్ చాలడం లేదో గమనించే ఉద్యోగి ఏడాదిలో చూసే వైఫల్యాలు ఒంటరి ట్రేడర్ జీవితకాలంలో కూడా చూడలేడు. బ్రోకరేజీల డెరివేటివ్స్ పనికి అవసరమైన ఎన్‌ఐఎస్‌ఎం ఎనిమిదో సిరీస్ పరీక్ష డిగ్రీ చదువుతూనే రాయవచ్చు. అది ట్రేడర్‌ను తయారుచేయదు కానీ తలుపు దగ్గర నిలబెడుతుంది.

డిగ్రీ కుర్రవాడు ఒక్క రూపాయి పెట్టకుండా చేయగలిగిన పని ఇంకొకటుంది. ఎన్‌ఎస్‌ఈ ప్రతిరోజూ ‘భావ్‌కాపీ’ పేరుతో అన్ని ఆప్షన్ల ముగింపు ధరలను ఉచితంగా ఇస్తుంది. సంభావ్యత, గణాంకశాస్త్రం, పైథాన్ నేర్చుకుంటూ, జాన్ హల్, షెల్డన్ నాటెన్‌బర్గ్ పాఠ్యగ్రంథాలు దగ్గర పెట్టుకుని, ఆ ధరల నుంచి ఊగిసలాట అంచనాను తానే లెక్కగట్టవచ్చు. ప్రతి సోమవారం ఈ వారం నిఫ్టీ ఎంత కదలవచ్చో మార్కెట్ అంచనా ఒక గడిలో, తన అంచనా పక్క గడిలో, చివరికి జరిగింది మూడో గడిలో రాయాలి. సూచీ ప్రస్తుత స్థాయికి సమాన దూరంలో ఉన్న స్ట్రైకుల్లో పుట్‌లు కాల్స్ కన్నా ఎందుకు ఖరీదుగా ఉంటాయో వెతకాలి. అమెరికా సూచీ డౌ ఒక్కరోజులో 22.6 శాతం పడిన 1987 అక్టోబరు 19 నాటి భయం నేటికీ ఆ ధరల్లో కనిపిస్తుంది. రెండేళ్లు ఇలా చేసినవాడికి ఇంటర్వ్యూలో చూపడానికి ఒక ప్రాజెక్టు ఉంటుంది. అంతకన్నా ముఖ్యంగా, తన అంచనా మార్కెట్ అంచనా కన్నా మెరుగో కాదో డబ్బు పోగొట్టుకోకుండానే తెలుస్తుంది. మెరుగు కాదని తేలినా నష్టం లేదు, ఆ లెక్కలూ ప్రోగ్రామింగూ ఏ డేటా ఉద్యోగానికైనా పనికొస్తాయి.

కోర్సుల పేరిట ప్రత్యక్ష ధరలు చూపించి టిప్స్ ఇచ్చే ధోరణిని అరికట్టడానికి, చదువు చెప్పేవాళ్లు మూడు నెలల కన్నా పాత ధరలనే వాడాలని సెబీ 2025 జనవరిలో స్పష్టం చేసింది. ఆ నియమం పాటించని శిక్షకుడి దగ్గరికి పిల్లల్ని పంపకుండా ఉండటం తల్లిదండ్రులు చేయగలిగిన మొదటి మేలు. రెండో మేలు, ఆసక్తి ఉన్న పిల్లవాణ్ని కసిరి ఊరుకోకుండా ఆ ఆసక్తిని గణితం వైపు మళ్లించడం. రిస్కుకు వెల కట్టే విద్య దేశానికి అవసరమైనదే. ఎగుమతిదారుకు, బ్యాంకుకు, పింఛను నిధికి అది రక్షణ. ఆ విద్యలో తెలుగు పిల్లలు రాణించడానికి కావలసిన లెక్కల పునాది మన దగ్గర ఉంది. పొలం అమ్మిన డబ్బు, అక్క పెళ్లికి దాచిన డబ్బు, నెలవారీ వడ్డీకి తెచ్చిన అప్పు ఈ చదువుకు ఫీజు కాకూడదన్నదే ఈ వాదన అంతటి సారం. మొదట విద్య, తర్వాత జీతం, ఆ తర్వాత ఏళ్ల రికార్డు చేతికొచ్చాక పోయినా ఇల్లు కదలనంత సొంత పెట్టుబడి. ఈ వరుస తప్పనివాడికి ఆప్షన్స్ ట్రేడింగ్ మంచి వృత్తి కాగలదు.